అన్న ముక్కు, అక్క అంబాసిడర్

మా గ్యారేజీకి ఉన్న పేరు కన్నా అందులో పనిచేసే అన్న ముక్కుకున్న పేరు పెద్దది. సూరత్‌లో ఉధ్నా పేట నుంచి సచిన్ పేట దాకా పాత బండ్లు పెట్టుకున్నవాళ్లలో ఎవరిని అడిగినా "ఆ ముక్కాయన గ్యారేజీయా?" అని దారి చూపించేవాళ్లు. బోర్డు మీద ఉన్న పేరు ఎవరికీ గుర్తుండేది కాదు. ఆ బోర్డు రాయించింది నేనే కాబట్టి నాకు కొంచెం కష్టంగానే ఉండేది.

అన్న నా తోడబుట్టినవాడు కాదు. ఇద్దరిదీ సిరిసిల్ల వైపు. మా నాన్నలిద్దరూ మరమగ్గాల పనికి సూరత్ వచ్చి ఇక్కడే ఉండిపోయారు. మగ్గాల చప్పుడు నాకు పడలేదు. మగ్గాల సేఠ్‌కు అన్న పడలేదు. అలా ఇద్దరం వేర్వేరు దారుల్లో ఒకే గ్యారేజీకి చేరి, చివరికి ఇద్దరం కలిసి ఓ షెడ్డు పెట్టుకున్నాం. పనిలో పంపకం మాటల్లేకుండానే జరిగిపోయింది. ఇనుము నాది, రబ్బరు ఆయనది.

ఇప్పుడు బండికి వైరు తగిలించి తెర మీద జబ్బు చదివే తమ్ముళ్లకు ఇది వింతగా ఉండొచ్చు. పాత కార్లలో ఇనుముకు ఇనుము తగిలే ప్రతి చోటా మధ్యలో ఒక రబ్బరు ముక్క ఉంటుంది. ఇంజను కింద, స్ప్రింగు చివర, తలుపు అంచున, నీళ్లు పోయే దారిలో, పెట్రోలు పోయే దారిలో, బ్రేకు ఆయిలు పోయే దారిలో. ఇనుము అరిగితే శబ్దం చేసి గోల పెడుతుంది. రబ్బరు అలా కాదు. ఉన్న చోటే ఉండి, ఉన్న రంగులోనే ఉండి, లోపల గట్టిపడుతుంది, లేదా మెత్తబడుతుంది, లేదా ఉబ్బుతుంది. ఏది పనికొస్తుందో ఏది పోయిందో చెప్పడంలోనే మెకానిక్ పనితనం తెలిసేది.

అన్న చెప్పే పద్ధతి చూడముచ్చటగా ఉండేది. ముక్కను ఊడదీసి, గుడ్డతో తుడిచి, వేళ్ల మధ్య నలిపి, ముక్కు దగ్గర పెట్టుకుని కళ్లు మూసుకునేవాడు. బండి యజమాని ఊపిరి బిగపట్టి నిలబడేవాడు. కాసేపటికి అన్న కళ్లు తెరిచి తీర్పు చెప్పేవాడు. "గిది పెట్రోలు తాగింది." "గిది ఎండకు సచ్చింది." "గిది పాత టైర్లు కరగవోసి చేసిన నకిలీ మాల్." ఆ మాట తప్పేది కాదు. గోటితో గుచ్చి చూసి అదే మాట అంతకు ముందే నేనూ చెప్పి ఉండేవాణ్ని. కానీ నేను కళ్లు మూసుకునేవాణ్ని కాదు కాబట్టి నా మాట ఎవరూ పట్టించుకునేవాళ్లు కాదు.

అంతలో కరోనా వచ్చింది. షెడ్డు మూతపడింది. మళ్లీ తెరిచే ముందు అన్నకు జలుబు చేసిందని, ఇంట్లో పడుకున్నాడని కబురొచ్చింది. ఆ రోజుల్లో ఎవరికైనా జలుబే చేసేది. ఇంకో పేరు పైకి అనేవాళ్లు కాదు. అంటే వీధి మొత్తానికి కర్రలు అడ్డం కట్టేవాళ్లు. అన్న కోలుకుని వచ్చాడు. కొంచెం చిక్కాడు, మూతికి మాస్కు కట్టాడు, అంతే తేడా. బండి వస్తే మాస్కు కిందికి లాగి, రబ్బరు వాసన చూసి, కళ్లు మూసుకుని, మళ్లీ మాస్కు పైకి లాగి తీర్పు చెప్పేవాడు. పనులు తక్కువ కాబట్టి తీర్పులూ తక్కువే.

ఒక్కటే నాకు వింతగా అనిపించేది. ఒకరోజు మధ్యాహ్నం చాయ్ పెట్టాను. పాలు పాడైన సంగతి నేను చూసుకోలేదు. గ్లాసు దగ్గరికి తెస్తేనే పులిసిన కంపు కొట్టింది, పారబోశాను. అన్న మాత్రం తన గ్లాసు ఖాళీ చేసి, "ఇయ్యాల అల్లం మంచిగ పడ్డది తమ్మీ" అన్నాడు. నా మనసు నొప్పించడం ఇష్టంలేక అన్నాడని అనుకున్నాను. ముప్పై ఏళ్ల పరిచయంలో నా మనసు గురించి ఆయన అంత ఆలోచించిన సందర్భం ఇంకొకటి లేదు. అక్కడే అనుమానం రావాల్సింది.

రెండో విడత తగ్గి వానలు మొదలయ్యే రోజుల్లో అక్క ఫోన్ చేసింది. ఆమె కూడా మావైపు మనిషే. ఉన్ అనే పేట దగ్గర చిన్న మగ్గాల షెడ్డు ఆమెది, ఆమె భర్తది. ఆయన మొదటి విడతలోనే పోయాడు. పోయినాయన ఎంతో ముచ్చటపడి కొనుక్కున్న తెల్ల అంబాసిడర్ ఒకటి ఉండేది. అప్పటినుంచి అది షెడ్డు వెనక టార్పాలిన్ కింద అలాగే ఉంది.

"తమ్మీ, బండిని లేపాలె" అన్నది అక్క ఫోన్‌లో.

"అమ్ముతవా అక్కా?"

"అమ్ముడేంది? నడుపుత."

"ఎవరు నడుపుతరు?"

"నేనే. చెవులు దిమ్మెక్కినయా ఏంది? మగ్గాల కాడ ఉండేది నేను, నువ్వు గాదు."

సంగతి ఏమిటంటే, ఆమె బిడ్డను బార్డోలీలో ఇచ్చారు. తొలి కాన్పు, తల్లి ఇంట్లో జరగాలి. తొమ్మిదో నెల రాగానే తీసుకురావాలి. బస్సులు తిరుగుతున్నాయి గానీ, బిడ్డను బస్సు ఎక్కించడానికి అక్కకు ధైర్యం లేదు. కిరాయి కారు అంటే, ఆ డ్రైవరు పొద్దున ఎవరిని ఆసుపత్రిలో దించి వచ్చాడో ఎవరికి తెలుసు? భర్తను పోగొట్టుకున్న మనిషి. అది అతి జాగ్రత్త అని ఆమెతో అనగలిగేవాళ్లు అప్పుడు ఎవరూ లేరు.

అన్నా నేనూ వెళ్లి టార్పాలిన్ లేపాం. బండిని పరుగెత్తించి పాడుచేసేవాళ్లను అందరూ తిడతారు. నిలబెట్టి పాడుచేసేవాళ్లను ఎవరూ తిట్టరు. నిజానికి రబ్బరుకు నిలబడటమే పెద్ద జబ్బు. ఆ కారులో ఇంజను కింది దిమ్మలు కుంగిపోయాయి. నీళ్ల గొట్టాన్ని నొక్కితే అప్పడంలా పెళపెళమంది. వెనక స్ప్రింగు కట్టల చివర ఉండే రబ్బరు బుష్‌లు పొడిపొడిగా రాలాయి. పెట్రోలు గొట్టం చీలికలు పట్టింది. అన్నిటికన్నా ఘోరం ఎడమవైపు ముందు తలుపు. దాని చుట్టూ ఉండే రబ్బరు పట్టీ చాలా ఏళ్ల కిందే ఊడిపోయి, దాని బదులు మడతపెట్టిన చీరముక్క కుక్కి ఉంది.

"గిదేందక్కా?" అని అడిగాను.

"గా సీట్ల నేను కూసుంటుంటి" అన్నది అక్క. "వానొస్తే నా భుజమంత తడుస్తుండె. చెప్పంగ చెప్పంగ వచ్చే వానకాలం మారుస్తననె. ఏ వానకాలమో చెప్పలే."

అన్న తలుపు పట్టుకుని గంభీరంగా తల ఊపాడు. "మా బావ ఇంజను మీద పెట్టిన పానం తలుపు మీద పెట్టలే."

"ఇంజను ఆయన దిక్కు ఉండె గదా అన్నా. తలుపు నా దిక్కు ఉండె."

అన్న దగ్గినట్టు చేశాడు. ఆ రోజుల్లో దగ్గు కూడా జవాబు కాదు. అక్క గబుక్కున వెనక్కి జరిగింది.

బండిని తాడు కట్టి షెడ్డుకు లాక్కొచ్చి పని మొదలుపెట్టాం. కొత్త ముక్కల కోసం పాత సామాను అంగళ్లన్నీ తిరిగాం. అంగడివాడు రెండు రకాలు తెచ్చి ముందు పెట్టేవాడు. అన్న మాస్కు దించి ఇదీ, అదీ వాసన చూసి, ఒకటి ఏరేవాడు. అంగడివాడు మెచ్చుకోలుగా నవ్వేవాడు. తన నకిలీ మాల్ చెల్లిపోయినందుకు ఆ నవ్వు అని నాకు తర్వాత గానీ తెలియలేదు.

ముందు చక్రాల బ్రేకు గొట్టాల దగ్గర మా ఇద్దరికీ మాట తేడా వచ్చింది. బ్రేకు ఆయిలును చక్రం దాకా చేర్చేవి రెండు చిన్న రబ్బరు గొట్టాలు, చక్రానికి ఒకటి. కుడివైపుది పగుళ్లు పట్టింది, తీసేశాం. ఎడమవైపుది నిగనిగలాడుతోంది. పోయినాయన ఎప్పుడో ఎక్కడో అదొక్కటి మార్పించి ఉంటాడు. నేను స్పానర్ పెట్టబోతే అన్న చెయ్యి అడ్డం పెట్టాడు. వంగి, మాస్కు దించి, వాసన చూసి, కళ్లు మూసుకున్నాడు.

"ముట్టకు తమ్మీ. మొన్నటిది లెక్క ఉన్నది. అసలు మాల్."

"జోడు మారిస్తే పీడ వోతది గదా అన్నా."

"మంచి సామాను పీకి పారేసుడు నాతోని గాదు."

ఆ ముక్కు మీద ఊరంతటికీ ఉన్న నమ్మకం నాకూ ఉంది. స్పానర్ కింద పెట్టాను.

బండి లేచింది. ఇక అక్కకు నడపడం నేర్పించాలి. మూతపడిన ఒక కార్ఖానా వెనక ఖాళీ జాగా ఉంటే అక్కడికి తీసుకెళ్లేవాళ్లం. ఆమె లెర్నింగు లైసెన్సు తెచ్చుకుంది, సీటు మీద దిండు వేసుకుంది, చెంగు నడుముకు చెక్కుకుంది. నేను పక్కన కూర్చుని చెప్పేవాణ్ని. అన్న దూరంగా స్టూలు వేసుకుని తప్పులు పట్టేవాడు. మగ్గాల మధ్య ఒక కన్ను ఈ దారం మీద, ఒక కన్ను ఆ దారం మీద పెట్టి బతికిన మనిషి. చేతులకు ఒకసారి పని తెలిశాక మళ్లీ చెప్పాల్సిన అవసరం రాలేదు. ఒక్కటే ఫిర్యాదు చేసేది.

"బ్రేకు తొక్కితే బండి ఎడమకు గుంజుతుంది తమ్మీ."

నేను నడిపి చూశాను. ఆ ఖాళీ జాగాలో, ఆ నత్తనడకలో నాకు తేడా తెలియలేదు. అన్న స్టూలు మీంచే తేల్చేశాడు.

"బండి గుంజుతలేదు చెల్లె. నీ చెయ్యి గుంజుతున్నది. కొత్త గదా."

అక్క ఆయనవైపు ఓ చూపు చూసి, మళ్లీ గేరు వేసింది.

బిడ్డను తెచ్చే ముందు ఒకసారి బార్డోలీ దారిలో సగం దాకా వెళ్లి రావాలని అనుకున్నాం. పొద్దున్నే బయలుదేరాం. అక్క స్టీరింగ్ దగ్గర, అన్న పక్క సీటులో, నేను వెనక. ఊరు దాటేదాకా మా ఇద్దరి పాదాలూ లేని బ్రేకులు తొక్కుతూనే ఉన్నాయి. ఊరు దాటాక రోడ్డు తెరుచుకుంది. రెండు పక్కలా చెరకు తోటలు, వాన కడిగిన దారి. అక్క మాస్కు గడ్డం కిందికి లాగింది. కొంచెం ధీమాగా కూర్చుంది. అన్న కూడా కాలు చాపుకుని బండి నడక ఎంత మెత్తగా ఉందో చెబుతున్నాడు. ఆ మెత్తదనం తాను ఏరిన బుష్‌లదే అని రెండుసార్లు గుర్తుచేశాడు.

"అన్నా, ఏదో కాలుతుంది" అన్నది అక్క.

"ఏం కాలుతలేదు. చెరుకుతోట వాసన."

"చెరుకుతోట గిట్ల ఉండదు. మగ్గం పట్టా జారి మోటారు కాడ రాసుకుంటె వచ్చే వాసన గిది."

"నా ముక్కుకు రానిది నీ ముక్కుకు వచ్చిందా చెల్లె? నడుపు."

వెనక కిటికీ తెరిచి ఉంది. నా ముఖానికి రెండు మాస్కులు, మా ఆవిడ కట్టి పంపినవి. నాకూ ఏమీ రాలేదు. అక్క ఇంకేదో అనబోయింది. అంతలో ముందు వెళ్తున్న సర్కారు బస్సు, చేయెత్తిన ఎవరికోసమో నడిరోడ్డు మీద ఆగిపోయింది. అక్క బ్రేకు తొక్కింది.

బండి ఆగలేదు, తిరిగింది. ఎవరో ఎడమ చెవి పట్టి గుంజినట్టు ఒక్కసారిగా రోడ్డు దిగి కాలువ గట్టువైపు పోయింది. నిండుగా పారుతున్న కాలువ ముందు అద్దంలో పెద్దదవుతూ వచ్చింది. అన్న రెండు చేతులతో డ్యాష్‌బోర్డు పట్టుకున్నాడు. అక్క అరవలేదు. పళ్లు బిగించి, స్టీరింగ్‌ను తన ఒంటి బరువంతా వేసి కుడికి తిప్పింది. బురదలో చక్రాలు జారి, గట్టుకు అడ్డంగా బండి నిలబడిపోయింది. ఎడమ చక్రం పక్కనుంచి మట్టి పెళ్ల ఒకటి ఊడి నీళ్లలో పడిన చప్పుడు వినిపించింది.

బస్సు తన మనిషిని ఎక్కించుకుని తన దారిన పోయింది.

మొదట అక్క దిగింది. బండి ముందునుంచి తిరిగి ఎడమ చక్రం దగ్గరికి వెళ్లి నిలబడింది. నేనూ వెళ్లాను. మాస్కులు తీయగానే నాకూ తెలిసింది, ఘాటుగా, కళ్లు మండేలా. సీసాలోని నీళ్లు వేళ్లతో చిలకరిస్తే చక్రం మధ్యలో చుయ్‌మని ఎగిరిపోయాయి. బ్రేకు పట్టుకుని వదలకుండా చాలా దూరం నుంచి మాడుతూ వచ్చిందన్నమాట.

అన్న కూడా దిగివచ్చాడు. వంగి, అలవాటు ప్రకారం ముక్కు దగ్గరగా పెట్టి గాలి పీల్చాడు. కళ్లు మూసుకున్నాడు. మాకు పొగ కనిపిస్తోంది. ఆయన ముఖంలో మాత్రం ఏ కదలికా లేదు.

అక్క ఆయన్నే చూస్తోంది. నడుముకున్న సంచిలోంచి ఏదో తీసి, పిడికిట్లో పెట్టుకుని ఆయన ముక్కు దగ్గర పెట్టింది.

"కండ్లు తెరవకు అన్నా. ఏందో చెప్పు."

అన్న కొంచెంసేపు పీల్చాడు. "యాలకులు" అన్నాడు.

అక్క పిడికిలి విప్పింది. తలనొప్పి బామ్ డబ్బీ. మూత తీసే ఉంది. అంత దూరంలో ఉన్న నా ముక్కే చల్లబడిపోయింది.

వేరే రోజైతే ఏడాదిపాటు చెప్పుకుని నవ్వుకునే మాట అది. నేను నవ్వబోయాను కూడా. అక్క ముఖం చూసి ఆగిపోయాను.

"మా ఆయనకు గూడ మొదలు గిదే పోయింది" అన్నది ఆమె. "పచ్చిపులుసు ముందట వెట్టుకొని ఏం వాసన లేదేందే అన్నడు. నేను పోపు సరిగ పెట్టలేదని తిట్టిండనుకున్న. నీకు ఎప్పట్నుంచి అన్నా?"

అన్న కాలువ గట్టు మీద కూర్చున్నాడు.

"గా జలుబప్పట్నించే. ఏడాది దాటె. ఇయ్యాల వస్తది, రేపు వస్తది అనుకుంట కూసున్న. ఇంట్ల ఆమెకు ఎరుకే. పొయ్యి మీద అన్నం మాడినా నాకు తెల్వదని ఆమె వంటింట్లకెంచి కదల్తలేదు."

"నాకెందుకు చెప్పలే?" అన్నాను నేను.

"ఏమని చెప్పాలె తమ్మీ? ముక్కాయన గ్యారేజీ, ముక్కు లేదు అనా? గా ముక్కు లేకుంటె నన్నెవరు పిలుస్తరు? స్పానర్ పట్టుకునుడు నీకన్న మంచిగ నాకు రాదు. గది మనిద్దరికి ఎరుకే."

ముప్పై ఏళ్లుగా నేను వినాలని ఎదురుచూసిన మాట అది. ఆ సంతోషం అనుభవించడానికి కాలువ గట్టు సరైన చోటు కాదు. నేనూ వెళ్లి పక్కన కూర్చున్నాను.

అక్క మాత్రం కూర్చోలేదు. "నా చెయ్యి గుంజుతున్నదంటివి గదా" అన్నది.

"అంటి" అన్నాడు అన్న తల దించుకుని.

"ఇప్పుడేం గుంజుతుంది?"

"బండే గుంజుతున్నది చెల్లె."

"గట్ల చెప్పు. లే. నా బిడ్డ ఎక్కాలె గిండ్ల."

చక్రం చల్లారాక జాకీ పెట్టి లేపాం. తిప్పితే తిరగదు. పైన ఇనుప గొట్టం వైపు నట్టు వదులు చేస్తే ఏమీ కాలేదు. చక్రం దగ్గర ఆయిలు వదలడానికి ఉండే నిప్పుల్ అనే చిన్న మరను వదులు చేయగానే ఆయిలు పిచికారీలా చిమ్మి, చక్రం వదులైపోయింది. అంటే పైనుంచి తొక్కిన ఆయిలు కిందికి పోతోంది గానీ, మళ్లీ వెనక్కి రావడం లేదు. ఆ రెంటికీ మధ్యలో ఉన్నది ఒక్కటే, ఆ నిగనిగలాడే గొట్టం. బ్రేకు ఎక్కువ వాడకుండా, ఆగినచోటల్లా నిప్పుల్ వదులు చేసుకుంటూ, నేను నడుపుతూ షెడ్డుకు తెచ్చాను.

షెడ్డులో అన్న ఆ గొట్టాన్ని ఊడదీసి, కత్తితో నిలువునా కోశాడు. బయట అద్దంలా ఉంది. లోపల ఉబ్బి, గోడలు ఒకదానికొకటి అంటుకుని, దబ్బనం కూడా దూరనంత సందు మిగిలింది. అలా కోసిన ముక్కను నాకివ్వకుండా అక్క చేతికిచ్చాడు.

"నీ బండిల నేను ఏరిన ప్రతి ముక్క మల్ల చూడాలె చెల్లె" అన్నాడు. "ఒక్కటి వదలద్దు. గని నాతోని గాదు. నీ ముక్కు గావాలె."

నా ముక్కు చాలదా అని అడగబోయాను. నా ముక్కుకు గిరాకీ ఎప్పుడూ లేదు. స్పానర్ అందుకున్నాను.

మరుసటి రోజు నుంచి మా షెడ్డులో జరిగిన తమాషా మీరు చూడాల్సింది. అక్క అన్న స్టూలు మీద కూర్చునేది. అన్న ఒక్కో ముక్క ఊడదీసి, తుడిచి, ఆమె చేతికిచ్చేవాడు. ఆమె వాసన చూసి, కళ్లు మూసుకోకుండానే చెప్పేది. "గిది గ్యాసునూనె కొడ్తుంది." "గిది మంచిగున్నది, కొత్త చెప్పుల లెక్క." ఆమె చెప్పింది అన్న గోటితో గుచ్చి, వంచి, నలిపి సరిచూసుకునేవాడు. రెండూ బాగుందంటేనే ఉంచేవాళ్లు. అంగడివాడు నవ్వుతూ అమ్మిన ముక్కల్లో సగం అలా బయటపడ్డాయి. వాటిని తీసుకుని అక్కే అంగడికి వెళ్లింది. అక్కడేం జరిగిందో నాకు తెలియదు. ఆ తర్వాత ఆ అంగడివాడు మాకు నకిలీ మాల్ చూపించడం మాత్రం మానేశాడు.

రెండో రోజుకే అక్కకు పని మీద మోజు పుట్టింది. అన్న నోరు తెరవకముందే తీర్పు చెప్పేది.

"జర ఆగు చెల్లె" అన్నాడు అన్న ఒకసారి ఓర్చుకోలేక. "జల్ది చెప్తె ఎవరు నమ్మరు. జర సేపు కండ్లు మూసుకోవాలె."

"ఎందుకు?"

"గిరాకికి గౌరవం ఉండాలె గదా."

నేను ఇంజను కింద పడుకుని ఉన్నాను కాబట్టి నా నవ్వు వాళ్లకు కనిపించలేదు.

కొత్త తలుపు రబ్బరు అన్న తన చేత్తో అతికించాడు. అంచు అంచునా బొటనవేలితో నొక్కుకుంటూ, ఓ పూటంతా దాని మీదే గడిపాడు. చీరముక్కను అక్క మడతపెట్టి సంచిలో వేసుకుంది.

బార్డోలీ వెళ్లిన రోజు వాన దంచికొట్టింది. అక్క నడిపింది, పక్కన నేను కూర్చున్నాను. అన్న రానన్నాడు. బండిలో మనుషులు తక్కువ ఉంటే బిడ్డకు మంచిదని పైకి చెప్పాడు. దారిలో ఆ కాలువ గట్టు వచ్చింది. అక్కడ అక్క కావాలనే ఓసారి బ్రేకు తొక్కి చూసింది. బండి గీత గీసినట్టు నేరుగా ఆగింది. తిరిగి వచ్చేటప్పుడు బిడ్డ వెనక సీట్లో దిండ్ల మధ్య పడుకుంది. కిటికీ అద్దాల మీద వాన పరుగులు పెడుతోంది. ఎడమవైపు తలుపు పక్కన కూర్చున్న నా భుజం పొడిగా ఉంది. అక్క ఓసారి చెయ్యి చాపి ఆ భుజం తడిమి చూసింది. మళ్లీ రోడ్డువైపు తిరిగింది. ఇంటికి చేరేదాకా ఆమె కళ్లు తుడుచుకుంటూనే ఉంది. అద్దం మీది ఆవిరి కంట్లో పడిందని బిడ్డతో చెప్పింది. నేను కూడా అవునన్నాను.

అన్న ముక్కు తిరిగి రాలేదు. నేను పని మానుకునేదాకా రాలేదు, ఇప్పటికీ రాలేదు. డాక్టరు ఏవో నూనెలు వాసన చూస్తూ ఉండమన్నాడు, చూస్తూనే ఉన్నాడు. కానీ ఆ తర్వాత ఆయన ఒక్క గిరాకీ ముందు కూడా కళ్లు మూసుకోలేదు. బండి రాగానే, "నాకు వాసన రాదు సేఠ్, చేత్తోని చూస్త, అనుమానముంటె కోసి చూస్త" అని ముందే చెప్పేవాడు. ఆయన భయపడినట్టు ఎవరూ వెనక్కి పోలేదు. కొందరైతే వాసన చూసే మనిషి కన్నా కోసి చూసే మనిషే నయమన్నారు. పేరు మాత్రం మారలేదు. మాది ఇప్పటికీ ముక్కాయన గ్యారేజీయే.

తమ్ముళ్లూ, మీకు చెప్పవలసిన పని మాట ఒక్కటే. రబ్బరును జంటగా మార్చండి, అందంగా ఉన్నదాన్ని ముందు అనుమానించండి. మిగిలినదంతా మా ముచ్చట.

అక్కకు మనవరాలు పుట్టింది. బాలింత తేరుకున్నాక, ఒక ఆదివారం మధ్యాహ్నం అక్క అదే బండి నడుపుకుంటూ వాళ్లిద్దరినీ షెడ్డుకు తీసుకొచ్చింది. అన్న దూరంగా నిలబడి చూశాడు. ఆ రోగం వచ్చిన నాటినుంచి ఆయన పిల్లలను ఎత్తుకోవడం మానేశాడు. తన సొంత మనవలను కూడా గుమ్మం దగ్గరే పలకరించి పంపేవాడు. అక్క తిన్నగా వెళ్లి పాపను ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన కొయ్యబారిపోయాడు. తర్వాత మెల్లగా స్టూలు మీద కూర్చున్నాడు, పాపను గుండెకు ఆనించుకున్నాడు.

కాసేపటికి నాకు వాసన తగిలింది. అక్కకూ తగిలింది. అక్క బిడ్డ తన చెంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది. ముగ్గురం ఒకరినొకరు చూసుకున్నాం. అన్న మాత్రం ఏమీ ఎరగనట్టు పాపను చిన్నగా ఊపుతున్నాడు. ఆయన చొక్కా కింది అంచున పసుపురంగు మరక మెల్లగా పెద్దదవుతోంది. ఎలా చెప్పాలో తోచక నేను చేతులు చాపాను.

"అన్నా, జర పాపను ఇటియ్యి."

"ఎందుకు?" అన్నాడు అన్న తల ఎత్తకుండా. "ముక్కు పోయింది గని ఒళ్లు పోలే గదా తమ్మీ. ఎప్పుడో తెలిసింది నాకు. ఇప్పుడే కన్నంటుకున్నది, లేపకుండ్రి."

మేం ముగ్గురం ముక్కులు మూసుకుని, పాప లేచేదాకా షెడ్డు బయట నిలబడ్డాం.